పడి లేచిన డ్రోను: కెమేరా ఏల నిలువదు?

కోడిపెట్టను రెండు చేతులతో ఎత్తి పట్టుకొని మెల్లగా కుడికి ఎడమకు, పైకి క్రిందికి కదలించినచో ఒక వింత కనబడును. శరీరము కదలుచున్నను తల మాత్రము గాలిలో మేకు కొట్టినట్లు ఉన్నచోటనే నిలిచియుండును. శరీరము ఎటు కదలిన మెడ దానికి ఎదురుగా అంతే కదలుచుండుటయే ఇందలి రహస్యము. బిందె నెత్తిన బెట్టుకొని చెరువుగట్టు దిగివచ్చు ఇల్లాలి నడుము, మెడ చేయు పనియు ఇట్టిదే. కాలు గుంటలో పడినను బిందెలోని నీరు తొణకదు. నేడు పెండ్లిపందిళ్ళపైనను, తిరునాళ్ళపైనను ఎగురుచు చిత్రములు తీయుచున్న డ్రోనులకు ఇట్టి మెడ యొకటి కలదు. దానిని గింబలు అందురు. కెమేరా దీని కొనయందే బిగింపబడి యుండును. డ్రోను నేలపై పడినపుడు ముందుగా దెబ్బ తగులు భాగములలో ఈ మెడ యొకటి. విరిగిన భాగము మార్చి బాగుచేసిన తరువాత కూడ కెమేరా వణకుట, ఒక ప్రక్కకు ఒరిగియుండుట, ఉన్నట్లుండి మెడ వాలవేయుట వంటి చిక్కులు మిగిలిపోవుచుండును. వాటి మూలము ఎట్లు వెదకవలెనో ఈ ప్రసంగమున చెప్పదలచినాము.

పడినదానిని ప్రక్కన బెట్టి క్రొత్తది కొనరాదా యని కొందరు అడుగవచ్చును. మన దేశమున అది తేలిక కాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము విదేశములలో తయారైన డ్రోనుల దిగుమతిని నిషేధించినది. పరిశోధనకు, దేశరక్షణకు, భద్రతకు మాత్రమే మినహాయింపు నిచ్చినది. విడిభాగముల దిగుమతికి మాత్రము అడ్డు చెప్పలేదు. అంతకు ముందు విదేశపు డ్రోను కొనియున్న ఫొటోగ్రాఫరునకు అది పడిపోయినచో అట్టిదే మరియొకటి తెచ్చుకొనుటకంటె, భాగములు తెప్పించి బాగుచేయించుకొనుటయే దగ్గరి దారి యైనది. మాఘమాసపు ముహూర్తములు దగ్గరపడి, నాలుగు పెండ్లిండ్లకు బయానా పుచ్చుకొని యున్నవానికి ఈ మరమ్మతు సరదాపని కాదు. అది ఆ యేటి సంపాదన. తొందరలో చేసిన మరమ్మతు మిగిలిన మోటారును కూడ కాల్చివేయుట కలదు గనుక తొందర ఉన్నవారే నెమ్మదిగా చదువవలసిన విషయ మిది.

ముందుగా ఒక మాట. గింబలు తన లోపమును తానే కప్పిపుచ్చుకొను యంత్రము. దాని పనియే అట్టిది. ఎవరు నెట్టినను ఎదురు నెట్టి కెమేరాను మట్టముగా నిలుపుటకే దానిని పుట్టించినారు. చేయి కొంచెము వంగినను, కేబులు బిగిసినను, స్క్రూ మొన రాచుకొన్నను అది మొరపెట్టదు. మోటారు అదనపు బలము పెట్టి లాగును. ఆ బలము చాలినంతసేపు చూపరికి లోపము తెలియదు. చాలనినాడు ఒక్కమారుగా బయటపడును. కావున కంటికి కనబడు లక్షణము ఒకచోట, దాని కారణము వేరొకచోట ఉండును. ఈ సంగతి గమనింపక చాలమంది తెరమీది క్యాలిబ్రేషను బొత్తమును మరల మరల నొక్కుచు కూర్చుందురు. వంగిన లోహమును ఏ బొత్తమును సరిచేయజాలదు.

గింబలు అను పరికరము నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దివాడైన గ్రీకు యంత్రకారుడు ఫైలో పేర వెలసిన గ్రంథమున ఎటు త్రిప్పినను సిరా ఒలకని సిరాబుడ్డి యొకటి వర్ణింపబడినది. ఒక వలయములో మరియొక వలయము, దాని నడుమ సిరాబుడ్డి. ఒక్కొక్క వలయము ఒక్కొక్క ఇరుసుపై తిరుగును. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు గిరోలామో కార్డానో దీనిని గూర్చి వ్రాసినందున ఆయన పేరు దీనికి అంటుకొన్నది గాని కనిపెట్టినవాడు ఆయన కాడు. ఓడలలో దిక్సూచిని ఇట్టి వలయములలోనే వ్రేలాడదీసిరి. ఆ పాత గింబలు కేవలము బరువుచేత వ్రేలాడునది. ఓడ మెల్లగా ఒరుగును గనుక దానికి అది చాలినది. డ్రోను క్షణములో ముందుకు దూకును, క్షణములో ఆగును. దానిక్రింద ఊరక వ్రేలాడదీసిన కెమేరా గుడిగంట నాలుకవలె ఊగును. అందుచే డ్రోను గింబలునకు బరువు చాలదు. మోటారును, దానిని నడపు బుద్ధియు కావలసివచ్చినవి.

మంచి గింబలునందు మూడు ఇరుసులు, మూడు మోటార్లు ఉండును. ఒకటి కెమేరాను కుడియెడమలకు త్రిప్పును. రెండవది ప్రక్కకు ఒరుగకుండ కాచును. మూడవది పైకి క్రిందికి వంచును. ఈ మోటార్లలో పండ్లచక్రములు లేవు, బ్రష్షులును లేవు. నడుమ రాగితీగ చుట్టలు, వాటిచుట్టు చిన్న అయస్కాంతములు అమర్చిన గిన్నె యుండును. చుట్టలలో ప్రవహించు విద్యుత్తు అయస్కాంతపు గిన్నెను తనవైపు లాగి కావలసిన కోణమున నిలుపును. విద్యుత్తు లేనపుడు గిన్నె వదులుగా తిరుగును. డ్రోనును ఆపినపుడు కెమేరా తల వ్రేలవేయుట ఇందుచేతనే. అది జబ్బు కాదు.

కెమేరా వెనుక చిన్నపలకపై రెండు సెన్సార్లు కలవు. ఒకటి త్రిప్పుడు వేగమును కనిపెట్టును. మరియొకటి భూమి లాగు దిక్కును, అనగా క్రిందు ఎటో చెప్పును. ఇది తాపీమేస్త్రి చేతిలోని రసమట్టము వంటిది. ఇవి గాక ప్రతి మోటారునందును గిన్నె ఎంత తిరిగినదో చెప్పు అయస్కాంతపు సెన్సారు ఉండును. వీటి సాక్ష్యములు సెకనుకు వందల మార్లు గింబలు పలకకు చేరుచుండును. పలక అన్ని మార్లు మోటార్లకు ఆజ్ఞ లిచ్చుచుండును. ఈ సాక్ష్యములు, ఆజ్ఞలు, చిత్రము — అన్నియు పోవు దారి ఒక్కటే. కాగితమంత పలుచని రిబ్బను కేబులు ఒకటి చేతుల మలుపులవెంట చుట్టుకొనుచు పోవును. మానవ శరీరమున వెన్నుపూసల నడుమనున్న నరము వంటి దిది.

పడినపుడు ఏమి జరుగునో చూతము. 2015లో వచ్చిన ఫాంటమ్ 3 వంటి నమూనాలలో గింబలు డ్రోను పొట్టక్రింద నాలుగు రబ్బరు ఉండలపై వ్రేలాడుచు బయటికి కనబడుచుండును. డ్రోను ప్రక్కగా పడినచో నేల ముందు తాకునది కెమేరాయే. ఆ దెబ్బకు పలుచని అల్యూమినియపు చేయి వంగును లేదా విరుగును. రబ్బరు ఉండలు ఊడిపోవును. చేయి తన హద్దు దాటి తిరిగినందున రిబ్బను కేబులు చినుగును. విరిగినది కంటికి కనబడును గనుక దానిని మార్చెదరు. కంటికి కనబడని గాయములే తరువాత బాధించును.

ఇక పరీక్ష. అన్నిటికంటె ముందు పంకారెక్కలు నాలుగును తీసివేయవలెను. బల్లమీద నున్న డ్రోను పొరపాటున తిరుగ నారంభించినచో వ్రేళ్ళు పోవును. డ్రోనుతోపాటు పడిన లిథియం బ్యాటరీ ఉబ్బియున్నను, పైతొడుగు చిట్లియున్నను దానిని వాడరాదు, ఛార్జి చేయరాదు. మంట పట్టునది ఏదియు లేనిచోట విడిగా ఉంచవలెను. గింబలు బాగుపడునా లేదా యన్నది దాని తరువాతి మాట.

బ్యాటరీ లేకుండగనే, కెమేరాను రెండు వ్రేళ్ళతో పట్టుకొని ఒక్కొక్క ఇరుసుపై ఈ చివరినుండి ఆ చివరివరకు మెల్లగా త్రిప్పి చూడవలెను. ఈ పరీక్షకు పైస ఖర్చు లేదు. మా అభిప్రాయమున సగము చిక్కులు ఇక్కడనే తేలిపోవును. కదలిక వెన్నలో కత్తివలె సాగవలెను. ఒక్కచోట మాత్రమే గరగరమని తగిలినచో ఏదో రాచుకొనుచున్నది. మరమ్మతులో అసలు స్క్రూ పోయి, దానికి బదులు అర మిల్లీమీటరు పొడుగైనది బిగించి యుండవచ్చును. దాని మొన తిరుగు గిన్నెను గీకుచుండును. అయస్కాంతములు ఇనుపరజనును పీల్చుకొనును గనుక పనిబల్లమీది నలుసు ఒకటి గిన్నెలోనికి దూరియుండవచ్చును. జిగురుకాగితపు అంచుతో దానిని అద్ది తీయవచ్చును. ఎక్కడను గరగర లేక, ఒక చివరకు పోవుకొలది స్ప్రింగువలె వెనుకకు తోయుచున్నచో కేబులు బిగిసియున్నదని అర్థము. ఎక్కడను ఆగక, మొదటినుండి చివరివరకు తేనెలో త్రిప్పినట్లు బరువుగా నున్నచో అది వేరొక కథ. మోటారులోని తీగచుట్టలు లోపల ఒకదానితో నొకటి కలిసిపోయి యుండును. అట్టి మోటారును త్రిప్పినపుడు అందులో పుట్టిన విద్యుత్తు దానికే బ్రేకు వేయును.

ఈ చివరి అనుమానమును మల్టీమీటరుతో తీర్చుకొనవచ్చును. మోటారునకు మూడు తీగ లుండును. వాటిని పలకనుండి విడదీసి, రెండేసి తీగల నడుమ నిరోధమును కొలిచినచో మూడు జతలకును ఒకే విలువ రావలెను. విలువ ఎంత యన్నది నమూనానుబట్టి మారును. ముగ్గురన్నదమ్ములు సమానముగా నున్నారా లేదా యన్నదే ప్రధానము. ఒక జత తక్కువైనచో చుట్ట కలిసినది. అంతులేని విలువ చూపినచో తెగినది. ఆ మోటారును మార్చవలసినదే.

తరువాత బరువు చూడవలెను. డ్రోనును మట్టముగా పట్టుకొని కెమేరాను ఏ కోణమున విడిచినను ఇంచుమించు అక్కడనే ఆగవలెను. విడిచిన ప్రతిమారు ఒకేవైపునకు వాలుచున్నచో మోటారు నిరంతరము ఆ బరువును మోయవలసియుండును. అసలు కటకపు ముందు బిళ్ళ పగిలిపోయి, బజారులో దొరికిన బరువైన ఫిల్టరు తగిలించినవారికి ఈ చిక్కు వచ్చును. కొద్ది గ్రాములేకదా యనుకొందురు. అగరుబత్తి పొట్లముకంటె చిన్నదైన మోటారునకు ఆ కొద్ది గ్రాములే పెద్ద మూట.

రిబ్బను కేబులు దగ్గర మాత్రము తీరికగా ఆగవలెను. మరమ్మతు చేసినవారి చేతులలోనుండి వచ్చిన గింబలులలో ఎక్కువ తంటాలు దీనివలననే. పాత రేడియోసెట్టులో తీగ వదులైనపుడు పెట్టెమీద తట్టగానే పాట వచ్చుటయు, మరుక్షణమున పోవుటయు పెద్దలు ఎరుగుదురు. రిబ్బను కేబులు జబ్బు అట్టిదే. దానిలోని రాగిగీతలు వెండ్రుకవంటివి. ఒక్కమారు గట్టిగా మడిచినచో మడతపై గీత చిట్లును గాని పూర్తిగా విడిపోదు. కెమేరా ఒక కోణమున నున్నపుడు కలియును, మరియొక కోణమున విడిపోవును. బల్లమీద అరగంటసేపు బుద్ధిగా నున్న గింబలు గాలిలో రెండవ మలుపున పిచ్చిపట్టినట్లు కొట్టుకొనుట ఇందుచేత సంభవించును. కావున కేబులును పరీక్షించునపుడు కదలింపక పరీక్షించి ప్రయోజనము లేదు. భూతద్దముతో మడతలను చూడవలెను. మల్టీమీటరు మొనలు రెండు చివరల నుంచి, నడుమ మెల్లగా వంచుచు ఒక్కొక్క గీత తెగకున్నదా యని చూడవలెను.

క్రొత్త కేబులు వేసినను పని ముగియదు. దాని చివర పలకమీది సన్నని గాడిలో దూరి, పైన చిన్నరెప్ప మూతపడవలెను. చివర ఒక వెండ్రుకవాసి ఏటవాలుగా దూరినను ప్రక్క గీతలు రెండు కలిసిపోవును. ఇక కేబులు పోవు దారి. ప్రతి మోటారువద్దను దానికి కొంత వదులు చుట్ట వదలియుందురు. ఆ వదులు లేక బిగువుగా వేసినచో గింబలు ప్రతి మలుపునను తన నరమునే తాను లాగుకొనును. విప్పకముందే ప్రతి మలుపును సెల్‌ఫోనుతో ఫొటో తీసియుంచుట మంచి మేస్త్రీల అలవాటు. బిగించునపుడు జ్ఞాపకముకంటె ఫొటోయే నమ్మదగినది.

చిత్రము రాకుండ తెర నల్లబడి, గింబలు మాత్రము చక్కగా పనిచేయుచున్నచో చిత్రము పోవు గీతలు తెగినవని ఊహింపవచ్చును. చిత్రము చక్కగా వచ్చుచు గింబలు చచ్చుబడియున్నచో మోటారు గీతలను, సెన్సారు గీతలను అనుమానింపవలెను. ఒకే కేబులులో రెండు బ్రతుకులు కలవని గుర్తుంచుకొన్నచో వెదకుట సగము తగ్గును.

రబ్బరు ఉండలను చాలమంది అలంకారములుగా భావింతురు. వాటి పని వేరు. గింబలు మోటార్లు పెద్ద ఊపులను అడ్డుకొనగలవు గాని, పంకాలనుండి వచ్చు సన్నని అదురును అందుకొనలేవు. పంకా నిమిషమునకు 6000 చుట్లు తిరిగినచో సెకనుకు 100 అదురులు. కెమేరా చిత్రమును ఒక్కమారుగా చూడదు; పైనుండి క్రిందికి వరుస వరుసగా చదువును. ఆ చదువుటకు సెకనులో ముప్పదవ వంతు పట్టినదనుకొందము. అంతలో మూడు అదురులు దూరును. చిత్రములో నిట్రాళ్ళన్నియు మూడు వంకరలు తిరిగి, పెండ్లిపందిరి నీటిలో నీడవలె అలలాడును. ఇట్టి అలలు కనబడినపుడు గింబలు మోటారును నిందింపరాదు. ఒక ఉండ ఊడినదా, చిరిగినదా, నాలుగింటిలో మూడు పాతవి మెత్తగాను ఒకటి క్రొత్తది గట్టిగాను ఉన్నదా, గింబలు జారిపడకుండ వేయు పిన్నులు బిగువై పలకను డ్రోనునకు అంటగట్టుచున్నవా యని చూడవలెను. పంకా అంచు చిట్లినదేమో కూడ చూడవలెను. పడిన డ్రోను పంకాలను మార్చుటకు లోభపడువారికి ఎన్ని క్రొత్త ఉండలు వేసినను అలలు పోవు.

ఇంతవరకు చూచిన తరువాతనే బ్యాటరీ వేయవలెను. మట్టమైన బల్లమీద డ్రోనునుంచి, గింబలునకు వేసిన ప్లాస్టికు తొడుగు తీసివేసి, చేయి తగిలింపక చూడవలెను. తొడుగు తీయ మరచి బ్యాటరీ వేయుట క్రొత్తవారిలో మిక్కిలి సాధారణము. ఆరోగ్యముగల గింబలు మూడు ఇరుసులపై ఒక్కమారు మెడ తిప్పి, నిలిచి, ఎదుటివైపు చూచును. అట్లు చేయక ఒక చివరకు పోయి టకటకమని కొట్టుకొనుచున్నను, గుంయిమని మ్రోగుచు వణకుచున్నను వెంటనే ఆపివేయవలెను. అయిదారు సెకనులు చూచినచో చాలును. అట్లే వదలినచో తీగచుట్ట కాలును, దాని నడపు పలకయు కాలును. ఒక్క కేబులుతో పోవలసినది గింబలు మొత్తమునకు చుట్టుకొనును. మోటారుపై భారము అధికమైనదని తెరమీద హెచ్చరిక వచ్చుటయు కలదు. ఈ కాలపు యంత్రములకు మాటలు కూడ వచ్చును. అయితే అవి నొప్పిని చెప్పునుగాని జబ్బు పేరు చెప్పవు. ఆ హెచ్చరిక చూచి మోటారును మార్చువారు, అది దేనితో పెనుగులాడుచున్నదో చూడనివారే.

ఒక చివరకు పోయి కొట్టుకొనుటకు తరచు కారణము మోటారులోని కోణపు సెన్సారు మాట పలకకు చేరకపోవుట. కన్ను మూసిన పహిల్వానువలె మోటారు గోడకు తగులువరకు నెట్టుచుండును. సన్నని వణకునకు కారణము మరియొకటి కలదు. కెమేరా వెనుక సెన్సారుపలక సరిగా అంటక వదులుగా నున్నచో, అది కెమేరా కదలికను గాక తన కదలికనే చెప్పుకొనును. పలక దానిని సరిదిద్దబోవును, ఆ దిద్దుబాటుచే సెన్సారు మరల కదలును. ఈ గొలుసునకు అంతముండదు. ఒక్క స్క్రూ బిగించుటతో ఈ వణకు ఆగిపోవుట కలదు.

ఇప్పుడు ఒరుగుడు సంగతి. ఎక్కువమందిని విసిగించునది ఇదియే. ఒక్క డిగ్రీ ఒరిగిన నేమి యనవచ్చును. 3840 చుక్కల వెడల్పుగల చిత్రములో ఒక్క డిగ్రీ ఒరిగినచో ఆకాశపు అంచు ఈ చివరకును ఆ చివరకును 67 చుక్కల తేడాతో ఏటవాలగును. పందిరి రాట యొరిగినట్లు కనబడును, పెండ్లివారు ఒప్పుకొనరు.

ఒరుగుడునకు కారణము రెండిటిలో ఏదో తెలిసికొనుటకు తేలికయైన పరీక్ష కలదు. పంకాలు తీసిన డ్రోనును రెండు చేతులతో ఎత్తి, ఎదుట తలుపుచట్రమును చూచుచు, డ్రోను శరీరమును కుడికి పది డిగ్రీలు, తరువాత ఎడమకు పది డిగ్రీలు వంచవలెను. శరీరము ఎటు వంగినను చిత్రము అంతే, ఆ ఒక్క డిగ్రీయే, అటువైపే ఒరిగియున్నచో మోటార్లు, కేబులు ఆరోగ్యముగ నున్నవి. సెన్సారు మట్టముగా భావించినదే తప్పు. ఇట్టి వేళనే క్యాలిబ్రేషను బొత్తము మందుగా పనిచేయును. శరీరము వంగినకొలది చిత్రము కూడ అటు వంగుచున్నచో అది క్యాలిబ్రేషను విషయము కాదు. మోటారు బలము చాలుటలేదు, లేదా చేయి దేనికో తగిలి ఆగుచున్నది. అప్పుడు మొదటి పరీక్షకే తిరిగిపోవలెను.

క్యాలిబ్రేషను చేయునపుడు బల్ల మట్టమును కంటితో నిర్ణయింపరాదు. రసమట్టము పెట్టి, అవసరమైనచో కాళ్ళక్రింద కాగితపు మడతలు పెట్టి సరిచేసికొనవలెను. ముందు డ్రోను తన సెన్సార్లకు, తరువాత గింబలునకు చేయవలెను. ప్రక్కనుండి గాలి కొట్టుచున్నను, బల్లను ఎవరైన కదలించినను మరల మొదలుపెట్టుట మంచిది.

మోటారునే మార్చినవారికి మాత్రము ఇది చాలదు. ప్రతి మోటారునందలి కోణపు సెన్సారు సున్న ఎక్కడ ఆరంభించునో ఫాక్టరీలో కొలిచి గింబలు పలక జ్ఞాపకమున వ్రాసియుంచుట అనేక నమూనాలలో ఆచారము. క్రొత్త మోటారు సున్న వేరు, పలకలో వ్రాసియున్న సున్న వేరు. మోటారు మంచిదే, పలక మంచిదే, కేబులు మంచిదే. అయినను గింబలు వెఱ్ఱిగా తిరుగును. తెరమీద సామాన్యులకు కనబడు క్యాలిబ్రేషను ఆ సున్నను మార్చదు. దానిని మార్చు ఉపాయము కంపెనీల సేవాకేంద్రముల చేతిలో నున్నది. కొన్ని నమూనాలకు ఉత్సాహవంతులు స్వయముగా ప్రోగ్రాములు వ్రాసి ఇచ్చినారు గాని, వాటిని వాడుట పూర్తిగా తెలిసినవారి పని. ఆ నేర్పు లేనివారు ఒక్క మోటారు కొనుటకంటె, పలకతోకూడిన పూర్తి గింబలును, పాతదైనను, ఒక డ్రోనునుండి విప్పినదానిని కొనుట మేలని మా సలహా. ధర ఎక్కువే. రెండు మోటార్లు కాలిన తరువాత లెక్క వేసినచో తక్కువ.

ఎగురవేసి చూచుట కడపటి పరీక్ష. 2021 నాటి డ్రోను నిబంధనలు గగనతలమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. పరీక్ష యైనను తామున్నచోటు ఏ మండలమో పటములో చూచుకొని, అనుమతి కావలసినచోట పుచ్చుకొని ఎగురవేయవలెను. మనుషులు, పశువులు లేని మైదానమున రెండు మూడు మీటర్ల ఎత్తున అయిదు నిముషములు చాలును. మొదట నిలకడగా, తరువాత మెల్లగా చుట్టు తిప్పి, ఆపైన ముందుకు నడిపి హఠాత్తుగా ఆపి చిత్రము తీయవలెను. ఆ చిత్రమును సెల్‌ఫోనుపై గాక ఇంటి టెలివిజనుపై చూడవలెను. చిన్నతెర వణకును మ్రింగివేయును.

చూచునపుడు దేనిని మట్టమని నమ్మవలెనో తెలిసియుండవలెను. సముద్రతీరమున నున్నవారికి చింత లేదు. ఆకాశము, నీరు కలియు గీతకంటె మంచి మట్టము లేదు. లోపలి జిల్లాలలో చెరువు అవతలిగట్టును చూచి నిర్ణయించువారు మోసపోదురు. గట్టు కెమేరాకు అడ్డముగా కాక ఏటవాలుగా దూరమగుచున్నచో, నీటియంచు నిజముగా మట్టమైనను చిత్రములో ఒరిగియే కనబడును. ఉన్న గింబలును విప్పి పాడుచేయుటకు ఇది చాలును. గుడి ధ్వజస్తంభమును గాని, నిటారుగా పాతిన కరెంటు స్తంభమును గాని చిత్రము నడుమకు తెచ్చుకొని చూచుట మేలు. చిత్రపు అంచులలో ఉన్న స్తంభము కెమేరా క్రిందికి వంగినపుడు ఒరిగి కనబడుట కటకపు స్వభావము.

ఒక పెద్ద వలయముగా వేగముగా తిరిగి వచ్చిన వెంటనే చిత్రము కొంచెము ఒరిగి, కొన్ని సెకనులలో తనంతట సరియైనచో దానిని గూర్చి కలవరపడ నక్కరలేదు. మలుపులో బస్సు మనలను ప్రక్కకు తోసినట్లే, దీర్ఘమైన మలుపు సెన్సారును కూడ తోయును; క్రిందు ఎటో అది కొంతసేపు తికమకపడును. ఎన్నడును పడని క్రొత్త డ్రోనునందు కూడ ఇది కొంత కనబడుచునే యుండును. నిలకడగా నిలిచిన తరువాత కూడ ఆ ఒరుగుడు తగ్గకపోయినచో డ్రోనును దింపి, చేయి వంగినదేమో సూటిపలకకు ఆనించి మరియొకమారు చూడవలెను.